అమ్మానాన్నల ముక్తినాథ్ యాత్ర: ఏజెంట్‌కి అప్పజెప్పాలా, మనమే బుక్ చేసుకోవాలా?

కొండాపూర్ కుర్రాడు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేపాల్‌లో పశుపతినాథ్, ముక్తినాథ్ చూడాలని మా అమ్మానాన్నలకు ఎప్పటినుంచో కోరిక. నాన్న రిటైరయ్యారు. అమ్మకి బీపీ, మోకాళ్ల నొప్పులు. మల్కాజిగిరిలో ఇద్దరే ఉంటారు. నాకు ఇప్పట్లో సెలవు దొరకదు కాబట్టి వాళ్లిద్దరే వెళ్లాలి. ఫ్లైట్లు, హోటళ్లు అన్నీ ఫోన్‌లో నేనే బుక్ చేస్తానంటే నాన్న ఒప్పుకోవడం లేదు. "బషీర్‌బాగ్‌లో తెలిసిన ట్రావెల్స్ ఆయన ఉన్నాడు, ఆయనకి చెబుదాం" అంటున్నారు. ఆయన చెప్పిన రేటు నేను విడివిడిగా వేసుకున్న లెక్కకన్నా బాగానే ఎక్కువుంది. ఆ తేడాకి మనకి ఏం వస్తుంది? ఏజెంట్ ద్వారా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ప్రకటనలు మాత్రం వద్దు, దయచేసి.

టికెట్ కౌంటర్ · సోమవారం, రాత్రి 10:25

బాబూ, ఆబిడ్స్‌లోను, తర్వాత బషీర్‌బాగ్‌లోను చాలా ఏళ్లు టికెటింగ్ సీట్లో కూర్చున్నవాణ్ని. ఇప్పుడు ఏ ఆఫీసుతోనూ సంబంధం లేదు, కాబట్టి ఇది ప్రకటన అనుకోవద్దు. ఈ ట్రిప్ వరకు మీ నాన్నగారి మాటే సరైనది.

ఎందుకో చెప్తాను. ఫోన్‌లో హైదరాబాద్ నుంచి కాఠ్మాండూ అని కొడితే చవగ్గా కనిపించేవాటిలో చాలావరకు రెండు వేర్వేరు ఎయిర్‌లైన్ల టికెట్లు ఉంటాయి. రెండు పీఎన్‌ఆర్‌లు, రెండు విడి బుకింగులు. అంటే మీవాళ్లు ఢిల్లీలో దిగి, బెల్టు దగ్గర సూట్‌కేసులు తీసుకుని, ఒకవేళ టెర్మినల్ 1లో దిగితే బస్సో క్యాబో ఎక్కి టెర్మినల్ 3కి వెళ్లి, మళ్లీ చెక్ ఇన్ చేసి ఇమిగ్రేషన్ దాటాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో అదంతా ఎలా అవుతుందో ఆలోచించండి. పైగా మొదటి విమానం లేటయితే రెండో ఎయిర్‌లైన్‌కి దాంతో సంబంధం లేదు. నో షో, అంటే మనిషి రాలేదని రాసుకుంటుంది, ఆ డబ్బు పోయినట్టే. అదే మొత్తం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ ఎయిర్‌లైన్‌ది. సామాన్లకు చాలావరకు హైదరాబాద్‌లోనే కాఠ్మాండూ ట్యాగ్ పడుతుంది. పని తెలిసిన ఏజెంట్ అమేడియస్, గెలీలియో లాంటి టికెటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ముందు చూసేది రేటు కాదు. కనెక్షన్‌కి టైమ్ ఎంతుంది, ఏ టెర్మినల్, వీల్‌చైర్ రిక్వెస్ట్ పడిందా లేదా, ఇవి చూస్తాడు.

ఇక పోఖరా నుంచి ముక్తినాథ్ దగ్గర్లోని జోమ్సోమ్‌కి. అది చిన్న విమానం, ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణం. కాళీగండకి లోయలో మధ్యాహ్నానికల్లా గాలి లేస్తుంది కాబట్టి అవన్నీ పొద్దున్నే ఎగురుతాయి. మబ్బు పడితే ఆ రోజుకి లేనట్టే. అప్పుడు జీపులో వెళ్లాలా, మర్నాటిదాకా ఆగాలా, ఆగితే పోఖరా హోటల్లో ఇంకో రాత్రి గది ఉందా, అవతల కాఠ్మాండూ హోటల్‌కి ఎవరు చెప్పాలి? ఇవన్నీ ఆ ఉదయం అక్కడున్న మనిషి తేల్చాలి. మీరు కొండాపూర్‌లో మీటింగ్‌లో ఉంటారు. హైదరాబాద్ ఏజెంట్‌కి కాఠ్మాండూలో ఒక పార్టీ ఉంటుంది, మా లైన్లో డీఎంసీ అంటాం. డ్రైవరు, గైడు, హోటళ్లు అన్నీ వాళ్ల చేతిలో ఉంటాయి. మీరు ఎక్కువ ఇచ్చేది అందుకు.

ఇంకొకటి. నేపాల్‌కి వీసా అక్కర్లేదు గదా అని ఆధార్ పట్టుకుని ఎయిర్‌పోర్టుకు వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. 65 దాటినవాళ్లకి, 15 లోపు పిల్లలకి వేరే ఫొటో కార్డులతో వెసులుబాటు ఉంది. మీ నాన్నగారికి 65 దాటి, అమ్మగారికి దాటకపోతే ఆమె కార్డు సంగతి ఇప్పుడే చూడండి.

ఒక్క ఫోన్ చాలు · సోమవారం, రాత్రి 11:02

పెద్దాయన చెప్పింది గౌరవిస్తాను గానీ, రెండో వైపు కూడా రాయాలి. నేను, మా ఆవిడ వియత్నాం, బాలి, థాయ్‌లాండ్ అన్నీ మా అంతట మేమే బుక్ చేసుకుని వెళ్లాం. హోటల్ రివ్యూలు మనమే చదువుకోవచ్చు, మ్యాప్‌లో గది నుంచి బీచ్ ఎంత దూరమో కొలుచుకోవచ్చు. ప్యాకేజీలో వెళ్లిన మా బంధువుల్ని రోజూ ఏదో ఒక షాపులో దింపారు. లెదర్ ఫ్యాక్టరీ అని ఒకటి, రత్నాల షోరూమ్ అని ఒకటి. ఆ షాపుల నుంచి గైడుకి కమీషన్ వస్తుంది, మన టైమ్ పోతుంది. పైగా కొటేషన్‌లో ఫలానా హోటల్ "లేదా అదే స్థాయిది" అని రాస్తారు. చేరాక దొరికేది ఆ రెండోదే. డబ్బు ఇచ్చి మన సెలవుల్ని ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు నచ్చదు.

సైనిక్‌పురి కోడలు · మంగళవారం, ఉదయం 6:50

కొండాపూర్ తమ్ముడూ, నువ్వు అడిగింది సరిగ్గా నేపాల్ గురించే కాబట్టి మా ఇంట్లో జరిగింది రాస్తున్నా.

2025 సెప్టెంబర్‌లో మా అత్తయ్య, మామయ్య ముక్తినాథ్ దర్శనం చేసుకుని పోఖరాకి దిగారు. అప్పుడే కాఠ్మాండూలో గొడవలు మొదలయ్యాయి. 8న కాల్పులు, 9న ప్రధాని రాజీనామా, ఎయిర్‌పోర్టు మూసేశారు. టీవీలో పార్లమెంటు తగలబడుతోంది. ఇక్కడ మేము ఫోన్ పట్టుకుని కూర్చున్నాం, అటు మామయ్య ఫోన్ ఒకసారి కలిస్తే నాలుగుసార్లు కలవదు. వాళ్లని తీసుకెళ్లింది హిమాయత్‌నగర్‌లో చిన్న ఆఫీసు, భార్యాభర్తలిద్దరే నడుపుతారు. ఆవిడ వాట్సాప్‌లో అందరి పిల్లలతో ఒక గ్రూపు పెట్టారు. గంటగంటకీ ఒక వాయిస్ మెసేజ్. ఎవరెవరు ఏ గదిలో ఉన్నారు, రాత్రి ఏం తిన్నారు, ఎవరికి ఏ మాత్ర అయిపోవస్తోంది. మామయ్య షుగర్ మాత్రలు అయిపోతే హోటల్ కుర్రాడితో వెనక వీధిలో మందుల షాపు తలుపు కొట్టించి తెప్పించారు. ఆ స్ట్రిప్ ఫొటో కూడా గ్రూపులో పెట్టారు, అదే మందో కాదో నన్ను చూసుకోమని.

హోటల్‌వాళ్లు అదనపు రాత్రులకి గదులు ఖాళీ చేయమనలేదు. ఎందుకంటే వాళ్లకి ఆ ఏజెంట్‌తో ఏటా పని ఉంటుంది. అదే యాప్‌లో బుక్ చేసుకున్న ఒక జంట అదే హోటల్ రిసెప్షన్‌లో బ్యాగులతో కూర్చుని ఉందని అత్తయ్య చెప్పింది. వాళ్లని కూడా ఈ గ్రూపులోనే కలుపుకున్నారు, అది వేరే సంగతి. కర్ఫ్యూ సడలించాక కాఠ్మాండూ వైపు పోనివ్వకుండా, రోడ్డు మార్గంలోనే సునౌలి సరిహద్దు దాటించి గోరఖ్‌పూర్ చేర్చి, అక్కడి నుంచి ఇంటికి టికెట్లు ఇచ్చారు. అదనంగా అయిన ఖర్చు మేము కట్టాం, కాదనను. ఆ లెక్క కాగితం మీద రాసి, బిల్లులతో సహా ఇచ్చారు.

ప్రభుత్వాలు కూడా సాయం చేశాయి, ఆంధ్రావాళ్లకి ప్రత్యేక విమానం వచ్చింది. కానీ మా పెద్దవాళ్లు ఏ ఊళ్లో, ఏ గదిలో ఉన్నారో ఆ మొదటి రాత్రి తెలిసిన మనిషి ఆ ఏజెంట్ ఒక్కరే. అప్పటినుంచి మా ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా దేశం దాటే ప్రయాణమైతే రేటు గురించి మాట్లాడుకోవడం మానేశాం.

కొండాపూర్ కుర్రాడు · మంగళవారం, ఉదయం 8:15

అక్కా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అమ్మకి ఇంకా చూపించలేదు, భయపడుతుందని. నాన్నకి మాత్రం పంపాను.

ఒక్క ఫోన్ చాలు అన్నా, మీరు చెప్పిన షాపుల సంగతి నాకూ అనుమానంగానే ఉంది. దానికి మందేమైనా ఉందా?

టికెట్ కౌంటర్ · మంగళవారం, ఉదయం 9:05

ఉంది. కొటేషన్ అడిగేటప్పుడే "షాపింగ్ స్టాపులు వద్దు" అని రాతపూర్వకంగా అడగండి. షాపుల కమీషన్ మీద బతికే ప్యాకేజీ అయితే రేటు కొంచెం పెరుగుతుంది, లేదా ఆయన ఒప్పుకోడు. రెండిట్లో ఏది జరిగినా మీకు విషయం తేలిపోతుంది. "అదే స్థాయిది" అనే చోట హోటళ్ల పేర్లు రెండు మూడు రాసివ్వమనండి. బయల్దేరే ముందు వోచర్లు చేతికి రావాలి. వోచర్ మీద హోటల్ కన్ఫర్మేషన్ నంబర్ ఉంటుంది. మీరే ఆ హోటల్‌కి ఫోన్ చేసి గది ఉందా అని అడగొచ్చు. మంచి ఏజెంట్ దానికి ఏమీ అనుకోడు.

ముఖ్యమైనది ఇంకొకటుంది. పీఎన్‌ఆర్‌లో కాంటాక్ట్ నంబర్ ఎవరిది పెట్టాడో చూడండి. టైమ్ మారినా, ఫ్లైట్ రద్దయినా ఎయిర్‌లైన్ మెసేజ్ ఆ నంబర్‌కే వెళ్తుంది. కొందరు వాళ్ల ఆఫీసు నంబరే ఇచ్చేస్తారు. మీ నాన్నగారిదీ, మీదీ కూడా పెట్టించండి. 2025 డిసెంబర్ మొదటి వారంలో దేశమంతా విమానాలు కుప్పలుగా రద్దయినప్పుడు శంషాబాద్‌లో తెల్లవార్లూ నేల మీద కూర్చున్నవాళ్లలో ఆ మెసేజ్ అందనివాళ్లు కూడా ఉన్నారు.

వరంగల్ పోరడు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

అన్నా, నేను చెప్పేది రైళ్ల గురించి. ఉత్త రైలు టికెట్ కోసం ఏజెంట్ దగ్గరికి పోవుడు దండగ. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 దినాల ముంగటనే తెరుస్తున్నరు, ఇదివరకు 120 ఉండె. తత్కాల్ ఏసీకి పొద్దుగాల 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. 2025 జులై నుంచి తత్కాల్ తెరిచిన మొదటి అర్ధగంట ఏజెంట్లకు బుకింగే లేదు. ఆ అర్ధగంటల్నే సీట్లు అయిపోతయ్. ఆధార్ లింక్ చేసిన మన సొంత ఐఆర్‌సీటీసీ ఖాతా నుంచి మనమే కొట్టుకునుడు మంచిది. సొంత ఐడీల మీద కొట్టి ఎక్కువకు అమ్మేటోళ్ల దగ్గర అసలే కొనకుండ్రి, రైల్వే చట్టం సెక్షన్ 143 కింద అది నేరం. టికెట్ రద్దయితే మన పైసలు పోతయ్, పయనం ఆగుతది.

అదే కాశీ, అయోధ్య అసొంటివి ఒక్కటే తాప తిరిగి రావాలంటే సికింద్రాబాద్ నుంచి ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్లు పెడుతున్నది. రైలు, బస, తిండి, ఊళ్లె బస్సు అన్నీ అందులనే. మా అమ్మోళ్లు గట్లనే పోయొచ్చిన్రు, మస్తు ఖుషీ అయిన్రు. పక్క బెర్తుల పొంటి అందరూ మన తెలుగోళ్లే ఉండిరి.

మెహదీపట్నం భాయ్ · మంగళవారం, సాయంత్రం 4:10

మా అమ్మీని ఉమ్రాకి పంపినప్పటి అనుభవం చెప్తాను, నేపాల్‌కి కూడా పనికొస్తుంది. టోలిచౌకి, నాంపల్లి వైపు ఉమ్రా ఆఫీసులు గల్లీకొకటి. అందరూ "హరమ్‌కి (మక్కా పెద్ద మసీదుకి) నడక దూరమే" అంటారు. అమ్మీకి ఆ మాట సరిపోదు, ఐదు పూటల నమాజుకి వెళ్లి రావాలి. నేను హోటల్ పేరు అడిగి, ఏ గేటు వైపు, ఎత్తు ఎక్కాలా అని అడిగాను. ఒక్కాయన మాత్రమే కుర్చీలోంచి లేచి, గోడ మీద మక్కా మ్యాపు దగ్గరికి వెళ్లి వేలితో దారి చూపించాడు. "ఈ వంక హోటళ్లు చవక భాయ్, కానీ తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. అమ్మీకి ఇది వద్దు" అన్నాడు. చవక గది అమ్ముకునే అవకాశం వదులుకుని ఆ మాట చెప్పాడు. ఆయనకే డబ్బు కట్టాను.

మదీనాలో ప్రవక్త మసీదులోని రౌజా దర్శనానికి నుసుక్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలి. అమ్మీకి యాప్ రాదు. గ్రూపులో ఉన్న అమ్మాయి అందరు ఆడవాళ్ల ఫోన్లలో స్లాట్లు పెట్టించింది. ఇదంతా నేను ఇక్కడి నుంచి చేయలేనని కాదు. మదీనాలో అర్ధరాత్రి అమ్మీ పక్కన ఒక మనిషి కావాలి కదా.

ఒక్క ఫోన్ చాలు · మంగళవారం, సాయంత్రం 5:00

భాయ్, సైనిక్‌పురి అక్కా, మీరు చెప్పినవి చదివాక పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లే యాత్రల వరకు నేను వాదించను. కానీ ఫోన్ వాడటం వచ్చిన మనిషి బ్యాంకాక్‌కి వెళ్లడానికి మాత్రం ఏజెంట్ అవసరం లేదనే ఇప్పటికీ అంటాను. అక్కడికి వెళ్లేవాళ్లు 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఒకటి ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం. ఆ ఫారం నింపడానికి కూడా డబ్బు తీసుకునేవాళ్లున్నారు, జాగ్రత్త.

నల్లకుంట టీచరు · మంగళవారం, రాత్రి 8:45

నేను ఏజెంట్‌కి రుణపడింది యూరప్ వీసా దగ్గర. స్కూల్ సెలవుల్లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ వెళ్లాలని అనుకున్నాం. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి షెంగెన్ వీసా ఒక్కటే కదా, ఎక్కడ అపాయింట్‌మెంట్ దొరికితే అక్కడ వేద్దాం అని మా స్నేహితులు సలహా ఇచ్చారు. నారాయణగూడలో మేము వెళ్లిన ఆవిడ ముందు ఒక కాగితం తీసి, తేదీలు వరుసగా రాసి, ప్రతి తేదీ కింద ఆ రాత్రి ఏ దేశంలో నిద్రపోతామో పెన్సిల్‌తో రాశారు. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి, రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మా లెక్కలో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సమానంగా వచ్చాయి. ఆవిడ పారిస్‌లో ఒక రాత్రి పెంచి, ఫ్రాన్స్‌కి పెట్టించారు. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగినా తడబడకుండా అదే చెప్పగలిగాం, ఎందుకంటే అది నిజమైన ప్లాను.

ఆ రోజే ఆవిడ ఇంకా చాలా చూశారు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు, మేము ఉండే అన్ని రోజులకీ ఉండాలి. మా వారి స్టేట్‌మెంట్‌లో అంతకుముందు వారమే పెద్ద మొత్తం ఒకటి జమ అయింది, ప్లాట్ అమ్మిన డబ్బు. దాని కాగితం జత చేయకపోతే అప్పు తెచ్చి చూపించినట్టు అనుకుంటారని, సేల్ డీడ్ కాపీ పెట్టించారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, వేసవి స్లాట్లకి పోటీ ఎక్కువ కాబట్టి సంక్రాంతి అయిన వెంటనే మొదలుపెట్టమన్నారు. పెద్దవాళ్లకి వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. తిరస్కరిస్తే అది తిరిగిరాదు, అందుకే ఫైలు మొదటిసారే గట్టిగా ఉండాలి.

మా కొలీగ్‌కి ఇంకొకతను "వీసా గ్యారంటీ" అన్నాడట. వీసా ఇచ్చేది కాన్సులేట్, ఏజెంట్ కాదు. ఆ మాట అన్నవాడి దగ్గర పాస్‌పోర్టు పెట్టకండి.

పాస్‌బుక్ · బుధవారం, ఉదయం 7:20

అకౌంట్స్ పని చేస్తాను. డబ్బు వైపు నుంచి రెండు మాటలు.

నేపాల్ కూడా విదేశమే కాబట్టి టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా తీసుకునే ఆదాయపన్ను, వసూలు చేస్తారు. అది ఏజెంట్ జేబులోకి పోయేది కాదు. మీరిచ్చిన పాన్ మీద జమ అవుతుంది, ఆదాయపన్ను పోర్టల్లో మీ పన్ను వివరాల్లో కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు లేదా రిఫండ్ తీసుకోవచ్చు. అందుకని బిల్లు ఎవరి పేరు మీద చేయాలో ముందే ఆలోచించండి. డబ్బు కట్టేది, బిల్లు తీసుకునేది, రిటర్ను వేసేది ఒకే మనిషి అయితే తలనొప్పి ఉండదు. ఒక్క ఫ్లైట్ టికెట్ మాత్రమే కొంటే అది ప్యాకేజీ కింద రాదు. ఆయన రేటులో తిరిగొచ్చే ఈ టీసీఎస్ కూడా కలిసి ఉందేమో, మీరు వేసుకున్న లెక్కలో జీఎస్టీ కలపలేదేమో చూడండి. తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

డబ్బు సంస్థ కరెంట్ ఖాతాకే పంపండి, మనిషి సొంత యూపీఐకి వద్దు. జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు, రద్దు నిబంధనలు రాసిన కాగితం తీసుకోండి. ఏ తేదీలోపు రద్దు చేస్తే ఎంత కోత పడుతుందో అందులో ఉండాలి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఆ కంపెనీ ముంబైలో ఉన్నా సరే. ఊళ్లో ఆఫీసు, బోర్డు ఉన్న ఏజెంట్ అయితే ఆ అవసరమే తక్కువ పడుతుంది. నేరుగా వెళ్లి ఎదురుగా కూర్చుని అడగొచ్చు.

సీతాఫల్‌మండి · బుధవారం, ఉదయం 10:40

ఇంటిపేరు సంగతి ఎవరూ రాయలేదు. మన తెలుగువాళ్లకి ఇది పెద్ద చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పాన్‌లో వెనక్కి. మా అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరంతా ఒక్క చోటే. దుబాయ్‌లో మా మరిది దగ్గరికి పంపుతుంటే మా ఏజెంట్ పాస్‌పోర్టు తెరవగానే ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి ఆగిపోయాడు. 2022 నవంబర్ నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో టూరిస్టుగా యూఏఈకి రానివ్వరట. తర్వాత చివరి పేజీ తిప్పి తండ్రి పేరు చూసి, ఇది ఉంది కాబట్టి ఫరవాలేదు అని, ఎయిర్‌లైన్‌తో కూడా నిర్ధారించుకున్నాకే టికెట్ కొట్టాడు. యాప్‌లో ఆ గడిలో ఏదో ఒకటి నింపితే టికెట్ వచ్చేస్తుంది, ఆపేవాళ్లు ఉండరు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఆపుతారు.

తిరిగే కాలు · బుధవారం, మధ్యాహ్నం 12:15

ఏజెంట్ లేకుండా వెళ్లనివ్వని చోట్లు కూడా ఉన్నాయి. ఉత్తర సిక్కింలో లాచెన్, లాచుంగ్, గురుడోంగ్‌మార్ సరస్సు వైపు పర్మిట్ రిజిస్టర్డ్ టూర్ ఆపరేటర్ ద్వారానే ఇస్తారు. నాథులాకి కూడా అంతే. టిబెట్ వైపు కైలాస మానసరోవరం సరేసరి, విదేశాంగ శాఖ యాత్రలో వెళ్లాలి, లేదంటే ఆపరేటర్ తీసుకునే గ్రూపు వీసాతో.

తిరగేసి చూస్తే, ఏజెంట్ దగ్గర ఉండకూడనివీ ఉన్నాయి. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్‌లోనే అమ్ముతారు. "మా దగ్గర కోటా ఉంది" అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఆ పేరుతో నకిలీ సైట్లు చాలా పుట్టాయి. డబ్బు పోయినట్టు తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంతైనా ఆపగలుగుతారు.

కొండాపూర్ కుర్రాడు · బుధవారం, రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ బషీర్‌బాగ్ ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను. ఒకే పీఎన్‌ఆర్ అనే అన్నారు, ఢిల్లీలో మూడున్నర గంటల గ్యాప్. పోఖరాలో ఒక రోజు ఖాళీగా ఎందుకు పెట్టారని అడిగితే, జోమ్సోమ్ విమానం ఎగరకపోతే వాడుకోవడానికి అన్నారు. నేను వేసుకున్న ప్లాన్‌లో ఆ రోజు వృథా అని తీసేశాను. ఆయన రేటులోంచి టీసీఎస్ తీసేసి, నా లెక్కకి జీఎస్టీ కలిపి చూస్తే తేడా సగానికి తగ్గింది. అమ్మకి ఓటరు కార్డు ఉంది గానీ పాతది, ఫొటో గుర్తుపట్టేలా లేదు, కొత్తది తీయించమన్నారు. శనివారం నాన్నతో కలిసి వెళ్తున్నాను. అమ్మ ఆరోగ్యం గురించి ఆయన్ని ఏం అడగాలి?

సైనిక్‌పురి కోడలు · బుధవారం, రాత్రి 10:05

ముందు డాక్టర్‌ని అడుగు తమ్ముడూ. పోఖరా వెయ్యి మీటర్లు కూడా ఉండదు, జోమ్సోమ్ 2,700 దాకా, గుడి 3,700 పైన. విమానంలో వెళ్తే ఒక్క పూటలో అంత ఎత్తు ఎక్కేస్తారు. మా అత్తయ్యకి బీపీ మాత్రలు సర్ది, దర్శనం తొందరగా చేసుకుని కిందికి దిగిపొమ్మన్నారు మా డాక్టరు. ఇన్సూరెన్స్ తీసుకుంటే బీపీ సంగతి దాచకుండా ఫారంలో రాయించు, లేకపోతే క్లెయిమ్ దగ్గర గొడవ.

టికెట్ కౌంటర్ · బుధవారం, రాత్రి 10:40

వర్షాకాలంలో మాత్రం తేదీలు ఇవ్వవద్దు. పోఖరాలో మబ్బులకి విమానాలు వరసపెట్టి ఆగిపోతాయి. దసరా దాటాక గానీ, మార్చి నుంచి మే లోపు గానీ అడగండి. ఇద్దరే కాకుండా పదిమంది అయితే ఎయిర్‌లైన్ గ్రూపు రేటు ఇస్తుంది. ఆయన దగ్గర ఆ నెలలో వేరే తెలుగు గ్రూపు వెళ్తోందేమో కనుక్కోండి. మీవాళ్లని అందులో కలిపితే ఖర్చు తగ్గుతుంది, అమ్మగారికి మాట్లాడుకోవడానికి మనుషులూ ఉంటారు.

సైనిక్‌పురి కోడలు · బుధవారం, రాత్రి 10:52

అవును, అది అడుగు. ఇంకొకటి మర్చిపోయాను. జీపు రాణీపౌవా దగ్గర ఆపేస్తారు, అక్కడి నుంచి గుడికి ఎత్తు నడక, తర్వాత మెట్లు. మా అత్తయ్య గుర్రం మీద వెళ్లింది, కొందరు బైకు ఎక్కారు. అమ్మకి ఏది కావాలో శనివారమే చెప్పేసి, కొటేషన్‌లో రాయించు. 108 ధారల కింద స్నానం అంటారు గానీ ఆ నీళ్లు మంచులా ఉంటాయి, బీపీ ఉన్నవాళ్లు తల మీద చల్లుకుంటే చాలని గైడుతో ముందే చెప్పించు.